తెల్లకాగితం మీద సంతకం పెట్టకు బిడ్డా

నల్గొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

పొలంలో తెగిన కరెంటు తీగ తగిలి పోయిన మన అల్లుడి దినాల నాడే నీతో నాలుగు మాటలు చెబుదామనుకున్నాను. ఇల్లంతా మనుషులు. ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు ఎంతొస్తుంది, ఎప్పుడొస్తుంది అని లెక్కలు కడుతున్నారు. ఆ గోలలో నా మాట నీ చెవిన పడేది కాదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. కాగితం మీదైతే పిల్లలు పడుకున్నాక మళ్లీ ఒకసారి చదువుకోవచ్చని రాస్తున్నాను.

నేను వకీలును కానని నీకు తెలుసు. వకీలు గుమాస్తాగా నల్గొండ కోర్టులో ముప్పై ఆరేళ్లు ఫైళ్లు మోసినవాణ్ణి. సెక్షన్లు వకీలు చెబుతాడు. కాగితం ఎక్కడ జారిపోతుందో, గడువు ఎప్పుడు దాటిపోతుందో మా గుమాస్తాలకు తెలుస్తుంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు అన్నిటికంటే అర్జెంటు సంగతి. మొన్న కరెంటాఫీసు నుంచి వచ్చినాయన రెండు కాగితాలు ఇచ్చి వెళ్లాడని మీ అమ్మ చెప్పింది. ఒకటి ఎక్స్‌గ్రేషియా దరఖాస్తు. దాని మీద సంతకం పెట్టు, భయం లేదు. వాళ్లిచ్చే డబ్బు తీసుకో. అది తీసుకున్నంత మాత్రాన కోర్టుకు పోయే హక్కు పోదు. రేపు కోర్టు నష్టపరిహారం ఇస్తే అందులోంచి ఈ డబ్బు తగ్గించవచ్చు, అంతే. రెండోది ఏమీ రాయని తెల్లకాగితం, కింద రెవెన్యూ స్టాంపు అంటించి ఉందట. దాని మీద మాత్రం నీ వేలు కూడా పడకూడదు. తర్వాత దాని మీద "పూర్తి పరిహారం ముట్టింది, ఇక మాకు ఏ అభ్యంతరమూ లేదు" అని రాసుకుంటారు. నేను అలాంటివి పదుల కొద్దీ చూశాను. ఆ వచ్చినాయన చెడ్డవాడని కాదు, పైవాళ్లు తెమ్మన్నారు, తెచ్చాడు. "మా పెద్దనాయన చూడాలన్నాడు" అని నా మీదికి తోసెయ్. మంచీ చెడూ నేను పడతాను.

ఊళ్లో పెద్దమనుషులు కూడా ఒక మాట అంటున్నారని విన్నాను. కరెంటు పనుల కాంట్రాక్టరుతో మాట్లాడి రెండు లక్షలు ఇప్పిస్తాం, కేసులెందుకు అని. వాళ్లకు దండం పెట్టి, దుఃఖంలో ఉన్నాను, ఇప్పుడేం మాట్లాడలేనని చెప్పు. రెండు లక్షలు ఎంత తక్కువో కింద లెక్క వేసి చూపిస్తాను.

ఇప్పుడు ఆ పొద్దున సంగతి. నువ్వు చదవలేకపోతే ఈ ముక్క తర్వాత చదువు. నేను మూడో రోజు పొలం దగ్గరికి వెళ్లాను. రాత్రి గాలివానకు తెగిన తీగ ఇంకా ఒడ్డు పక్కనే చుట్ట చుట్టి పడి ఉంది. అల్లుడి హవాయి చెప్పు ఒకటి ఒడ్డు మీద, ఇంకొకటి బురదలో బోర్లా పడి ఉంది. దాని అడుగున అర్ధరూపాయి బిళ్లంత నల్లగా కరిగిన మచ్చ. తీగ తెగిన చోటుకు రెండు పక్కల స్తంభాల మధ్య మిగతా తీగలు ఎంత కిందికి వేలాడుతున్నాయో వెదురు గడ పెట్టి కొలిచాను. పదకొండడుగులు కూడా లేవు. పొలాల మీదుగా పోయే బోడి తీగ నేలకు 4.6 మీటర్ల ఎత్తున ఉండాలి, అంటే దాదాపు పదిహేను అడుగులు. పాత 1956 కరెంటు రూల్స్ కాలం నుంచీ ఇదే కొలత. మీ మరిది తన ఫోన్లో గడతో సహా ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు వాట్సాప్‌లో పంపించుకుంటే చాలదు. అసలు ఫోన్ అమ్మొద్దని, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వొద్దని, రిపేర్ పేరుతో ఫార్మాట్ చేయించొద్దని గట్టిగా చెప్పు. కోర్టులో ఫొటోతో పాటు అది ఏ ఫోన్లో తీసిందో సర్టిఫికెట్ పెట్టాలి.

అల్లుడి ఫోన్ ఎక్కడుంది? పోలీసుల దగ్గరుంటే పంచనామాలో రాశారో లేదో చూడు. ఇంట్లో ఉంటే ఛార్జింగ్ పెట్టి దాచు. తీగ కిందికి వేలాడుతోందని వానాకాలం మొదట్లోనే రెండుసార్లు లైన్‌మన్‌కు ఫోన్ చేశానని నాతో కూడా అన్నాడు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చేసి ఉంటే కంప్లైంట్ నంబరుతో మెసేజ్ వచ్చి ఉంటుంది. ఆ ఒక్క మెసేజ్ దొరికితే వకీలు మొహం వెలిగిపోతుంది. ముందే తెలిసీ పట్టించుకోలేదని దానికంటే తేలిగ్గా రుజువు చేసేది ఇంకేదీ లేదు.

ఇక ఎఫ్ఐఆర్. మీ మరిది స్టేషన్‌లో సంతకం పెట్టి వచ్చాడు, ఏం రాశారో చదవలేదన్నాడు. ఆ గంటలో ఎవరు చదువుతారు, వాణ్ణి తిట్టకు. కానీ కాపీ తెప్పించు, ఫిర్యాదు ఇచ్చినవాడికి ఉచితంగానే ఇవ్వాలి. రెండు విషయాలు చూడాలి. మొదటిది, అసహజ మరణం అని 194 సెక్షన్ కింద మాత్రమే రాసి వదిలేశారా, లేక నిర్లక్ష్యం వల్ల మరణం అని 106 సెక్షన్ కూడా పెట్టారా. 2024 జూలై నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి కదా. మనం ఇన్నేళ్లూ 304-ఎ అని పిలిచినదే ఇప్పుడు 106, శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా పెరిగింది. రెండోది, "మృతుడు తన అజాగ్రత్త వల్ల తీగను తాకి" అన్న మాట ఎక్కడైనా దూరిందా.

ఆ రెండో దానికి ఒక కథ ఉంది. నేను పనిలో చేరిన నాలుగైదేళ్లకు మునుగోడు దిక్కు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. కొడుకు మోటారు స్టార్టర్ దగ్గర కరెంటు తగిలి పోయాడు. ఫిర్యాదులో సరిగ్గా ఆ మాటే ఉంది, కింద ఆయన వేలిముద్ర. రాసిన కానిస్టేబుల్‌కు ఏ దురుద్దేశమూ లేదు, అప్పట్లో ప్రతి కరెంటు చావుకూ అలవాటుగా అదే వాక్యం రాసేవాడు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని అవతలి వకీలు ముసలాయనను బోనులో రెండు గంటలు నిలబెట్టాడు. "మీ కొడుకు తప్పేనని మీరే చెప్పారు కదా" అని. ఆయన నీళ్లు అడిగితే నేనే తెచ్చిచ్చాను. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికి సగం నీళ్లు చొక్కా మీద పడ్డాయి. చివరికి గెలిచాం, కానీ ఏళ్లు పట్టింది, అప్పటికి ఆయన లేడు. అందుకని అలాంటి మాట ఉంటే ఇప్పుడే నీ పేరు మీద వివరంగా ఇంకో ఫిర్యాదు రాసి ఇద్దాం. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపుదాం. రసీదు నా దగ్గర ఉంచుతాను.

పోస్టుమార్టం రిపోర్టు కూడా కావాలి. అందులో కరెంటు కాలిన గాయం ఎక్కడుందో రాసి ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు ఆధార్‌తో సరిపోయాయో లేదో అక్షరం అక్షరం చూడు. నవ్వొస్తుందేమో కానీ, "యాదయ్య"కూ "యాదగిరి"కీ తేడా వచ్చి ఆర్నెల్లు ఆగిన ఫైలు నాకు తెలుసు.

నీకు తెలియని ఇంకో ఆఫీసు ఉంది, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్. కరెంటు సంస్థ మనిషి కాడు, సర్కారు మనిషి. కరెంటుతో ప్రాణం పోతే ఆయనకు సమాచారం ఇవ్వాలి, ఎందుకు జరిగిందో ఆయన విచారించి రిపోర్టు రాస్తాడు. ఆ రిపోర్టు కాపీ సమాచార హక్కు కింద అడుగుదాం. దాంతో పాటు సబ్‌స్టేషన్‌లో ఆ రాత్రి లాగ్‌బుక్ కూడా. తీగ తెగి నేల మీద పడితే లైను తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. తెగింది రాత్రి, అల్లుడు వెళ్లింది తెల్లవారుజామున నీళ్లు మళ్లించడానికి. అన్ని గంటలూ ఆ తీగలో కరెంటు ఎలా ఉంది? ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను, ట్రిప్ అయి ఆగిందా? ఆగితే చూడకుండా మళ్లీ కరెంటు ఎవరు వదిలారు? జవాబు ఆ పుస్తకంలో ఉంటుంది. నాకైతే ఈ మొత్తం కేసులో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే అనిపిస్తోంది.

అవతలివాళ్లు ఏమంటారో ముందే చెబుతాను, విని కంగారు పడకు. గాలివాన దేవుడి పని అంటారు. ఎవడో దొంగ కొక్కెం వేసి తీగను లాగాడంటారు. చీకట్లో చూసుకోకుండా నడిచాడంటారు. వీటికి సుప్రీంకోర్టు 2002లోనే జవాబు చెప్పింది. మధ్యప్రదేశ్‌లో ఒకాయన వానలో సైకిల్ మీద ఇంటికి పోతూ, నీళ్లలో పడి ఉన్న తీగకు తగిలి పోయాడు. ఎవరో కరెంటు దొంగిలించడానికి లాగిన తీగ అది, మాకేం సంబంధం అని అక్కడి బోర్డు వాదించింది. అంత ప్రమాదకరమైన దాన్ని సరఫరా చేసేవాళ్లు, దానివల్ల ప్రాణం పోతే నిర్లక్ష్యం రుజువు కాకపోయినా బాధ్యత వహించాల్సిందేనని కోర్టు తేల్చింది. శైల్ కుమారి కేసు అంటే ఏ వకీలుకైనా తెలుస్తుంది. ఆమె కూడా నీలాగే భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి.

లైన్‌మన్ మీద నీకు కోపముంది. ఉంటుంది. కానీ అతన్ని జైలుకు పంపితే నీ పిల్లల ఫీజు కట్టేవాళ్లెవరు? మండలమంతటికీ ఇద్దరు ముగ్గురున్నారు, స్తంభాలేమో వేలల్లో. మన దావా సంస్థ మీద. క్రిమినల్ కేసు తన దారిన తాను నడుస్తుంది. రేపు అందులో అతన్ని విడిచిపెట్టినా మన సివిల్ దావా పడిపోదు. అక్కడ అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి, ఇక్కడ ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు.

ఎక్కడ వేయాలన్నది నువ్వు అడిగావు. మీ చిన్నమ్మ కొడుకు నార్కట్‌పల్లి దగ్గర లారీ కింద పోయినప్పుడు యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌లో వేశారు, మనమూ అక్కడే వేద్దామన్నావు. అది మోటారు బండ్ల ప్రమాదాలకు మాత్రమే. అక్కడ గడువు ఆర్నెల్లు. మనది కరెంటు కాబట్టి 1855 నాటి ఫాటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద సివిల్ కోర్టులో దావా. గడువు అల్లుడు పోయిన తేదీ నుంచి రెండేళ్లు. రెండేళ్లంటే చాలా దూరం అనుకోకు. దేవరకొండ నుంచి వచ్చిన ఒకావిడ, ఫైలు హైదరాబాద్ పోయింది, వస్తుంది అని ఆఫీసువాళ్లు చెప్పిన మాట నమ్మి కూర్చుని, రెండేళ్ల పందొమ్మిది రోజులకు మా ఆఫీసు మెట్లెక్కింది. నేను క్యాలెండర్ ముందు పెట్టుకుని మూడుసార్లు లెక్కపెట్టాను, ఎక్కడైనా ఒక నెల తప్పు లెక్కించానేమోనని. లేదు. ఆవిడకు ఆ మాట చెప్పాల్సింది వకీలు గారు. ఆయన నన్ను చెప్పమన్నారు. ఇప్పటికీ దేవరకొండ బస్సు చూస్తే ఆవిడ గుర్తొస్తుంది.

సివిల్ దావాకు అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ఉంటుంది. అక్కడే చాలామంది వెనక్కి పోతారు. రెండు దారులున్నాయి. కోర్టులోనే ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తే, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, కోర్టు ఖర్చులూ వాళ్లే చూస్తారు. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. రెండోది పాపర్ పిటిషన్, ఫీజు కట్టే స్తోమత లేదని చెప్పి దావా వేయడం. ఇంకొకటి పర్మనెంట్ లోక్ అదాలత్. కరెంటు సరఫరా లాంటి వాటికి ఫీజు లేకుండా అక్కడికి పోవచ్చు, తొందరగా తేలుతుంది. కానీ అక్కడ మొదలుపెడితే అదే గొడవకు వేరే కోర్టుకు పోలేం, వాళ్లు తేల్చినదాని మీద అప్పీలు కూడా లేదు. నా మనసు సివిల్ దావా వైపే ఉంది. వకీలుతో మాట్లాడి తేల్చుకుందాం.

వకీలంటే గుర్తొచ్చింది. మార్చురీ దగ్గర ఒకతను కార్డు ఇచ్చాడట, వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇస్తే చాలు, ముందు రూపాయి వద్దని. వకీళ్లు అలా వాటాకు మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. అతను వకీలు కూడా కాదు, మధ్యవర్తి. కార్డు పొయ్యిలో పడెయ్.

ఇప్పుడు లెక్క. కోర్టులు నోటికొచ్చిన అంకె వేయవు. 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేథీ కేసుల్లో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. మోటారు కేసుల కోసం పెట్టినదే అయినా కరెంటు కేసుల్లోనూ జడ్జీలు దాన్నే కొలతగా తీసుకుంటారు. అల్లుడి సంపాదన నెలకు 15,000 అని రుజువు చేశామనుకో. నలభై లోపు వయసు, సొంత పని కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, 21,000. ఏడాదికి 2,52,000. ఇంట్లో అతని మీద ఆధారపడ్డవాళ్లు నువ్వు, ఇద్దరు పిల్లలు, మీ అత్తమ్మ, నలుగురు. కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, 1,89,000. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చవేస్తారు, ముప్పై నాలుగేళ్ల మనిషికి అది 16. మొత్తం 30,24,000. దీనికి మీ నలుగురికీ అతను దూరమైనందుకు తలా కొంత, అంత్యక్రియల ఖర్చు వేరే. పెద్దమనుషుల రెండు లక్షలు దీని పక్కన పెట్టి చూడు.

అందులో తిరకాసు ఆ మొదటి 15,000లోనే ఉంది. అవతలి వకీలు "మనిషి పోయినా భూమి ఎక్కడికీ పోలేదు కదా, కౌలుకిస్తే ఆదాయం వస్తుంది" అంటాడు. అది పూర్తిగా తప్పు వాదన కూడా కాదు, కోర్టులు వింటాయి. అందుకని పట్టా పాస్‌బుక్ ఒక్కటే పట్టుకుని పోతే సరిపోదు. అల్లుడు తన ఒంటితో చేసిన పని చూపించాలి. ఐకేపీ సెంటర్‌లో వడ్లు అమ్మిన తక్‌పట్టీ రసీదులు, పాల కేంద్రం బిల్లులు, నాట్ల కాలంలో పక్కవాళ్ల పొలాలకు ట్రాక్టర్ తోలినందుకు ఫోన్‌పేలో పడ్డ డబ్బులు, అన్నీ. ట్రాక్టర్ కిరాయి లెక్కలు రాసుకునే ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేది కదా అతని దగ్గర, గోడ గూట్లో. అది వెతుకు.

రైతు బీమా ఐదు లక్షలు వస్తాయి, వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) దగ్గర దరఖాస్తు ఇచ్చారో లేదో కనుక్కో. అది బీమా డబ్బు. మనిషి ఏ కారణంతో పోయినా వచ్చేదే. అలాంటి డబ్బును నష్టపరిహారంలోంచి తగ్గించకూడదని మోటారు కేసుల్లో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. కాబట్టి అది తీసుకుంటే కేసు బలహీనపడుతుందన్న మాట ఎవరన్నా నమ్మకు. ఆ డబ్బు నీ ఒక్కదాని పేరు మీద ఉన్న ఖాతాలో పడేట్టు చూసుకో. మీ బావలు మంచివాళ్లే. అయినా ఒక్కదాని పేరు మీదే.

మీ అత్తమ్మ గురించి ఒక మాట. మీ ఇద్దరికీ పొసగదని నాకు తెలుసు. కానీ దావాలో ఆమెను తప్పకుండా వాదిగా చేర్చాలి. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, వీళ్లకే ఆ చట్టం కింద హక్కు. అన్నదమ్ములకు లేదు. ఆమెను వదిలేస్తే రేపు ఎవరో ఆమెతో వేరే కాగితం పెట్టిస్తారు, అప్పుడు అవతలివాళ్లకు పండగ. పైగా ఆమె కొడుకే కదా పోయింది. తహసీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెట్టేటప్పుడు ఆమె పేరు ఉండేలా చూడు.

కేసు ఇంత కాలంలో తేలుతుందని నేను చెప్పను. వాయిదాలకు ప్రతిసారీ నువ్వు రానవసరం లేదు, సాక్ష్యం చెప్పే రోజు వస్తే చాలు. మిగతావాటికి నేనున్నాను. రిటైరయ్యాక పొద్దున్నే కోర్టు ఎదురుగా ఛాయ్ తాగడం తప్ప నాకేం పని లేదని మీ పెద్దమ్మ రోజూ అంటూనే ఉంది.

బుధవారం హాలియా నుంచి తొమ్మిదింటి బస్సెక్కు. నల్గొండ బస్టాండ్‌లో ఉంటాను. ఎఫ్ఐఆర్ కాపీ, ఆధార్ కార్డులు, పాస్‌బుక్, మరణ ధ్రువపత్రానికి పెట్టిన దరఖాస్తు రసీదు, ఆ ఎర్ర అట్ట పుస్తకం, అల్లుడి ఫోన్, ఛార్జర్ తెచ్చుకో. ఆ తెల్లకాగితం కూడా తీసుకురా, స్టాంపుతో సహా. వకీలు గారికి చూపించాలి. చిన్నదాన్ని వెంట తెచ్చుకో, పెద్దోణ్ణి బడికి పంపు. మధ్యాహ్నం అన్నం మనింట్లోనే.

మీ పెద్దనాయన